టైరు ఒక పక్కనే ఎందుకు అరుగుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో టైర్ల అరుగుదల గురించి, వీల్ అలైన్‌మెంట్ గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి ఆరు ప్రశ్నలుగా ఇక్కడ ఇస్తున్నాను. జవాబులకు ముందు ఒక మాట చెప్పాలి. అలైన్‌మెంట్ యంత్రం చక్రాల కోణాలను కొలిచి చూపుతుంది. ఆ కోణం ఎందుకు చెడిందో చెప్పడం దాని పని కాదు. ఆ జాడలు టైరు మీద ఉంటాయి. అందువల్ల అరిగిన టైరును దుకాణంలో వదిలేసి వచ్చే ముందు దానిని వెలుతురులోకి తెప్పించుకొని, అంచు నుంచి అంచు దాకా ఒకసారి పరిశీలనగా చూడండి.

ప్రశ్న: నా కారు ముందు టైర్లు పైకి చూస్తే బాగానే ఉన్నాయి. మొన్న పంక్చరు పడి చక్రం ఊడదీసినప్పుడు, లోపలి అంచు పూర్తిగా నున్నబడి ఒకచోట తీగ బయటపడి ఉంది. ఈ టైర్లు 22,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగాయి. ఆరు నెలల కిందటే అలైన్‌మెంట్ చేయించాను. కారు ఏ పక్కకూ లాగడం లేదు, స్టీరింగు కూడా తిన్నగానే ఉంది. అలాంటప్పుడు లోపలి అంచు ఇలా ఎందుకు అరిగింది?

జవాబు: తీగ బయటపడిన టైరుతో ఇక ప్రయాణం చేయకండి. ఆ చోట రబ్బరంతా పోయి, టైరుకు బలాన్నిచ్చే ఉక్కు తీగల పొర నేరుగా రోడ్డుకు రాసుకొంటున్నది. స్టెప్నీ బిగించుకొని, నెమ్మదిగా టైర్ల దుకాణం దాకా వెళ్లడం తప్ప ఆ కారును మరే పనికీ బయటికి తీయవద్దు.

ఇక కారణం సంగతి చూద్దాం. లోపలి అంచు అరగడానికి ప్రధానంగా రెండు కోణాలు కారణమవుతాయి. మొదటిది క్యాంబర్. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిటారుగా ఉన్నదా, ఒరిగి ఉన్నదా అనే దానిని ఇది తెలుపుతుంది. చక్రం పైభాగం కారు లోపలికి ఒరిగి ఉంటే దానిని నెగటివ్ క్యాంబర్ అంటారు. అది మితిమీరితే బరువు లోపలి అంచు మీద ఎక్కువగా పడుతుంది. రెండోది టో. ఇది తెలియాలంటే నిలబడి మీ పాదాలను చూసుకోండి. బొటనవేళ్లు ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉంటే టో ఇన్, ఎడంగా విచ్చుకొని ఉంటే టో అవుట్. ముందు చక్రాలు టో అవుట్‌లో ఉంటే లోపలి అంచులు, టో ఇన్‌లో ఉంటే బయటి అంచులు త్వరగా అరుగుతాయి.

ఈ రెంటిలో మీ కారును పట్టినది ఏదో చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. తీగ తేలిన టైరు చేతికి గుచ్చుకొంటుంది కాబట్టి దానిని వదిలి, తీగ తేలని రెండో టైరును పరీక్షించండి. అరచేతిని ట్రెడ్ మీద, అంటే రోడ్డుకు ఆనే గాళ్ల భాగం మీద ఆనించి, అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకు మెల్లగా జరపండి. తర్వాత లోపలి నుంచి బయటికి జరపండి. ఒక దిశలో చెయ్యి నున్నగా జారిపోయి, ఎదురు దిశలో రంపపు పళ్ల మీద రాసినట్టు ప్రతి గీత అంచునా తట్టుకొంటే అది టో వల్ల వచ్చిన అరుగుదల. చెయ్యి బయటి నుంచి లోపలికి పోయేటప్పుడు తట్టుకొంటే టో అవుట్; లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు తట్టుకొంటే టో ఇన్. అలా కాక, రెండు దిశలలోనూ నున్నగానే ఉండి, ఏటవాలుగా చెక్కినట్టు లోపలి అంచుకు పోయేకొద్దీ ట్రెడ్ పల్చబడి ఉంటే క్యాంబర్‌ను అనుమానించాలి. రెండు లక్షణాలూ కలిసి కనబడే టైర్లూ ఉంటాయి. నెగటివ్ క్యాంబర్‌కు టో అవుట్ తోడైతే లోపలి అంచు మరీ వేగంగా హరించుకుపోతుంది.

టో అంత చిన్న కోణం ఇంత నష్టం ఎలా చేస్తుందని చాలామందికి సందేహం. చక్రం తాను తిరిగి ఉన్న వైపు దొర్లిపోవాలని చూస్తుంది, కారేమో దానిని తిన్నగా లాక్కుపోతుంది. చక్రం ఒక డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కారు కిలోమీటరు ముందుకు పోయేసరికి ఆ రెండు దారుల మధ్య సుమారు 17 మీటర్ల 50 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పావు డిగ్రీ అయితే కిలోమీటరుకు దాదాపు 4 మీటర్ల 40 సెంటీమీటర్లు. ఈ తేడానంతా రబ్బరు కొంత వంగి, కొంత రోడ్డుకు రాసుకొని భరించవలసిందే. పావు డిగ్రీ తప్పిన చక్రం 10,000 కిలోమీటర్లు తిరిగిందంటే, ఆ టైరు మొత్తం 44 కిలోమీటర్ల పక్కవాటు ఒరిపిడిని తట్టుకోవలసి వచ్చిందన్న మాట. పావు డిగ్రీ తప్పును కంటితో చూసి పోల్చుకోవడం సాధ్యం కాదు.

కారు పక్కకు లాగకపోవడం మిమ్మల్ని మోసగించింది. రెండు ముందు చక్రాలూ సమానంగా విచ్చుకొని ఉన్నప్పుడు ఎడమ చక్రం ఎడమకు, కుడి చక్రం కుడికి లాగుతాయి. ఆ రెండు లాగుళ్లూ ఒకదానినొకటి కొట్టేసుకొంటాయి కాబట్టి కారు తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం రెండూ సమానంగా అరుగుతాయి. స్టీరింగు తిన్నగా ఉన్నది గనుక అలైన్‌మెంట్ సరిగానే ఉన్నదని అనుకోవడం అందుకే చెల్లదు.

ఆరు నెలల కిందటి అలైన్‌మెంట్ ఎందుకు నిలవలేదన్నది అసలు ప్రశ్న. ఆ తర్వాత చక్రం ఏదైనా గోతిలో గట్టిగా పడి ఉండవచ్చు, లేదా ఫుట్‌పాత్ అంచుకు తగిలి టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) వంగి ఉండవచ్చు. అవేవీ జరగలేదని మీకు ఖాయంగా తెలిస్తే, సస్పెన్షన్‌లో ఎక్కడో వదులు ఉన్నదని నా అనుమానం. నా సొంత కారుకు ఇదే జరిగింది. యంత్రం ఇచ్చిన కాగితంలో అంకెలన్నీ పచ్చరంగులోనే, అంటే ఉండవలసిన పరిధిలోనే ఉండేవి, అయినా ముందు టైర్ల లోపలి అంచు కరిగిపోయేది. రెండోసారీ అలాగే కావడంతో ఒక మెకానిక్ కారును లిఫ్టు మీదికి ఎత్తి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కింద కలిపే చెయ్యి) వెనక బుష్షు పక్కన గడ్డపలుగు మొన ఆనించి నెమ్మదిగా తిప్పాడు. రబ్బరు బుష్షు పెదవి విప్పినట్టు తెరుచుకొంది; లోపల చీలిక నల్లగా, పొడిగా, చిటికెన వేలు గోరు పట్టేంత వెడల్పున కనబడింది. కారు నిలకడగా ఉన్నప్పుడు ఆ బుష్షు తన స్థానంలోనే కూర్చొని ఉండేది కాబట్టి యంత్రానికి లోపం దొరకలేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆర్మ్ వెనక్కి జరిగి, చక్రం కోణం మారిపోయి, టైరు రాసుకొనేది. బుష్షులు మార్చి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించాక ఆ అరుగుదల ఆగింది.

కాబట్టి కొత్త టైర్లు వేయించకముందే వదులును పరీక్షింపజేయండి. చక్రం నేలకు ఆనకుండా కారును ఎత్తించి, గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట్ల టైరును రెండు చేతులతో పట్టుకొని ఊపితే కదలిక తెలుస్తున్నదంటే టై రాడ్ ఎండ్ గాని, స్టీరింగు ర్యాక్ గాని అరిగి ఉండవచ్చు. 12, 6 అంకెల చోట పట్టి ఊపినప్పుడు కదిలితే చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే కీలు అయిన బాల్ జాయింట్‌ను, వీల్ బేరింగును చూడాలి. ఇద్దరు ఉంటే మంచిది: ఒకరు ఊపుతుంటే మరొకరు కదలిక ఏ కీలు దగ్గర పుడుతున్నదో పక్క నుంచి లైటు వేసి చూడవచ్చు. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు. గట్టి స్టాండు తప్పనిసరి. వదులు ఉన్న భాగాలు మార్చకుండా చేసే అలైన్‌మెంట్‌కు పెట్టే డబ్బు వృథాయే.

ప్రశ్న: కొత్త టైర్లు వేయించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కూడా చేయించాను. అప్పటినుంచి కారు ఎడమకు లాగుతోంది. రెండుసార్లు తిరిగి తీసుకువెళ్తే, కాగితంలో అంతా సరిగ్గానే ఉన్నదని చూపించి పంపించారు. వారి కాగితాన్ని నమ్మాలా, నా చేతులను నమ్మాలా?

జవాబు: రెండింటినీ నమ్మవచ్చు. కోణాలన్నీ సరిగా ఉండి కూడా కారు లాగవచ్చు. ముందుగా రోడ్డు వాలును లెక్క నుంచి తీసేయాలి. వాన నీరు పోవడానికి రోడ్లను నడిమి నుంచి అంచుకు కొద్దిగా వాలుగా వేస్తారు. ఆ వాలు వైపు ఏ కారైనా కొంచెం మొగ్గుతుంది. వీలైనంత సమంగా ఉన్న చోట, ఒకే దారిలో వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ లాగుడు కారుకు ఒకే పక్కకు ఉంటే, లోపం కారులోనే ఉన్నది.

తర్వాత ముందు చక్రాలు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్పించండి. లాగుడు కూడా పక్క మారితే టైరే కారణం. తయారీలో టైరు లోపలి ఉక్కు పట్టీ రవ్వంత పక్కకు జరిగితే ఆ టైరు చూడటానికి గుండ్రంగానే ఉన్నా, దొర్లేటప్పుడు ఒక పక్కకు ఒంపు తిరుగుతుంది. మూతి వెడల్పుగా, అడుగు సన్నంగా ఉన్న గ్లాసును నేల మీద దొర్లిస్తే తిన్నగా పోకుండా చుట్టూ తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే. అలైన్‌మెంట్ యంత్రం ఈ లోపాన్ని పట్టలేదు. టైరు పక్క గోడ మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా చక్రాలు మార్చి ఎక్కువ దూరం నడపకూడదు. పరీక్ష మేరకు పొడి రోడ్డు మీద నెమ్మదిగా కొద్ది దూరం నడిపి, తిరిగి వాటి స్థానాలకు మార్పించండి.

చక్రాలు మార్చినా లాగుడు అదే పక్కకు ఉంటే బ్రేకును చూడాలి. బ్రేకు పెద్దగా వాడకుండా కొంతదూరం నడిపి ఆపి, ముందు చక్రాల దగ్గరగా అరచెయ్యి పెట్టి వేడిని పోల్చండి, లోహాన్ని ముట్టుకోకండి. ఒక చక్రం స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క బ్రేకు పూర్తిగా వదలడం లేదు. అదీ కాకపోతే రెండు పక్కల క్యాస్టర్, క్యాంబర్ అంకెల మధ్య తేడాను చూడమని అడగండి. క్యాస్టర్ అంటే, చక్రం ఏ ఇరుసు ఆధారంగా పక్కలకు తిరుగుతుందో అది, పక్క నుంచి చూస్తే, ముందుకో వెనక్కో ఒరిగి ఉండే కోణం. ప్రతి అంకె దాని పరిధిలోనే ఉండవచ్చు. కాని ఎడమది పరిధి ఈ చివర, కుడిది ఆ చివర ఉంటే కారు లాగుతుంది. క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకు, క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న పక్కకు కారు మొగ్గుతుంది. క్యాస్టర్ తేడా టైరును పెద్దగా అరగదీయదు కాబట్టి దాని జాడ ట్రెడ్ మీద వెదకడం వృథా.

టైరు లోపం వల్ల వచ్చిన లాగుడును కప్పిపుచ్చడానికి కోణాలను కావాలని తప్పించి బిగించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దానికి ఒప్పుకోకండి, ఆ టైరు మారిన రోజున కారు ఇంకో పక్కకు లాగుతుంది.

ప్రశ్న: వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటగానే వెనక నుంచి 'వూఁ' అని శబ్దం వస్తోంది. బేరింగులు పోయాయని చెప్పి వెనక రెండూ మార్చారు. శబ్దం తగ్గలేదు. ఇప్పుడు టైర్లు అంటున్నారు. ఇది ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు: బేరింగు శబ్దమూ, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు శబ్దమూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, అనుభవం ఉన్న మెకానిక్కులే పొరబడుతుంటారు. అయినా రెండు తేడాలు ఉన్నాయి. కొత్తగా వేసిన నున్నని రోడ్డు మీది నుంచి గరుకు రోడ్డు మీదికి పోగానే శబ్దం స్వరం మారితే అది టైరు. రోడ్డు మారినా స్వరం మారకుండా, సాఫీగా మలుపు తిరిగేటప్పుడు మాత్రం పెరగడమో తగ్గడమో జరిగితే అది బేరింగు. మలుపులో బరువు బయటి పక్క చక్రం మీదికి మళ్లడమే అందుకు కారణం.

ఇక టైరును చూడండి. ఈసారి చేతిని అడ్డంగా కాకుండా, చక్రం చుట్టూ, అది తిరిగే దిశలోనూ, దానికి ఎదురుగానూ జరపండి. ట్రెడ్‌లోని ఒక్కొక్క దిమ్మె ఒక అంచున ఎత్తుగా, మరో అంచున పల్లంగా, మెట్లు మెట్లుగా తగిలితే దానిని హీల్ అండ్ టో అరుగుదల అంటారు. అలా కాక జానెడు దూరానికి ఒకటి చొప్పున, గరిటెతో తోడినట్టు గుంటలు గుంటలుగా ఉంటే దానిని కప్పింగ్ అంటారు. కప్పింగ్‌కు తరచుగా బాధ్యత వహించేది నీరసించిన షాక్ అబ్జార్బర్. అది చక్రాన్ని నేలకు అదిమి ఉంచలేకపోవడంతో టైరు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది. పడిన చోటల్లా కొంచెం రబ్బరు పోతుంది. షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె చెమ్మ, దానికి అంటిన మట్టి పొర కనబడితే అది అయిపోయినట్టే. కారు మూలను చేత్తో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పాత పద్ధతి పూర్తిగా పాడైన షాక్ అబ్జార్బర్‌ను పట్టిస్తుంది గాని, సగం పాడైనదానిని పట్టించదు.

ముందు ఇంజను ఉండి ముందు చక్రాలే లాగే కార్లలో వెనక భాగం తేలిక. వెనక చక్రాల టో కొద్దిగా తప్పినా, ఆ తేలిక వల్ల టైరు పట్టు వదిలి పట్టి, వదిలి పట్టి, ట్రెడ్ మీద ఏటవాలు చారలుగా అరుగుతుంది. కాబట్టి వెనక కోణాలనూ తప్పక కొలిపించండి. షాక్ అబ్జార్బర్లు మార్చవలసి వస్తే ఒకే యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చాలి. టైరు మీద పడిన గుంటలను పూడ్చే మార్గం లేదు. అరుగుదల మరీ లోతుగా లేకపోతే ఆ టైర్లను ముందుకు మార్చినప్పుడు కొన్ని వేల కిలోమీటర్లలో శబ్దం కొంత సర్దుకొంటుంది. స్టీరింగులో అదురు వస్తే మాత్రం వాటిని అక్కడ ఉంచవద్దు.

ప్రశ్న: నాలుగు టైర్లూ నడిమి భాగమే అరిగాయి, అంచులు కొత్తవాటిలా ఉన్నాయి. ఇదీ అలైన్‌మెంట్ లోపమేనా?

జవాబు: కాదు. గాలి ఎక్కువైతే ట్రెడ్ నడుమ ఉబ్బి, ఆ భాగమే బరువంతా మోస్తుంది. గాలి తక్కువైతే నడుమ లోపలికి పోయి రెండు అంచులూ కలిసి అరుగుతాయి. కారు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీది అంకె ప్రకారమే గాలి పట్టించండి. టైరు పక్క గోడ మీద అచ్చయి ఉన్నది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. చాలామంది దానినే కొలతగా తీసుకొని పొరబడుతున్నారు. కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న తర్వాత, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది కనుక, కాలం మారినప్పుడల్లా సరిచూసుకోండి. రెండు అంచుల అరుగుదల ముందు టైర్లకే ఉండి, గాలి ఎప్పుడూ సరిగానే ఉంటూ వచ్చిందంటే, మలుపులలో వేగం తగ్గించకుండా తిప్పే అలవాటును కూడా అనుమానించాలి.

ప్రశ్న: అలైన్‌మెంట్ తర్వాత ఇచ్చే కాగితంలో ఎరుపు, పచ్చ రంగులలో చాలా అంకెలు ఉంటాయి. మాలాంటివాళ్లం అందులో ఏమి చూడాలి? నా కారుకు క్యాంబర్ ఎర్రగానే ఉంచి 'ఇది మారదు' అన్నారు. పైగా ఇంటికి వస్తుంటే స్టీరింగు కొంచెం వంకరగా ఉన్నట్టు గమనించాను.

జవాబు: ఆ కాగితంలో అందరూ చివరి అంకెలనే చూస్తారు; నా దృష్టిలో పని మొదలుపెట్టక ముందు తీసిన అంకెలే ఎక్కువ విలువైనవి. టైరు ఎందుకు అరిగిందో వాటిలోనే తెలుస్తుంది. అవి లేని కాగితం ఇస్తే అడిగి తీసుకోండి. టైరు మీద మీరు చేత్తో తడిమి తెలుసుకొన్నదీ, ఆ మొదటి అంకెలూ ఒకే మాట చెబుతున్నాయా అని పోల్చండి. టైరేమో టో అవుట్ అంటూ, కాగితమేమో టో సరిగానే ఉన్నదంటే, మొదటి జవాబులో చెప్పిన వదులు మీద అనుమానం బలపడుతుంది.

అంకెలు డిగ్రీలలో గాని, డిగ్రీలు–నిమిషాలలో గాని ఉంటాయి. డిగ్రీకి 60 నిమిషాలు. కాబట్టి 6 నిమిషాలంటే డిగ్రీలో పదో వంతు. టోను కొన్నిచోట్ల మిల్లీమీటర్లలో ఇస్తారు. 400 మిల్లీమీటర్ల వ్యాసం గల రిమ్ము దగ్గర డిగ్రీలో పదో వంతు అంటే 0.7 మిల్లీమీటరు మాత్రమే. ఇంత సున్నితమైన కొలత గనుకనే, యంత్రం బిగించేముందు గాలి సరిచూడాలి, డిక్కీలోని బరువులు తీసేయాలి, ఎడమ కుడి టైర్లు ఒకే కొలతవి కావాలి, రిమ్ముకు ఉన్న స్వల్ప వంకరను లెక్కలోకి తీసుకోవడానికి చక్రాలను కొంచెం దొర్లించి కొలవాలి. ఈ పనులేవీ చేయకుండా నేరుగా నట్లు తిప్పడం మొదలుపెడితే ఆ అంకెల మీద నాకు నమ్మకం ఉండదు.

పనికి ఒక వరుస ఉంది. ముందు వెనక చక్రాలు, తర్వాత ముందు చక్రాలు. ముందు చక్రాలలో క్యాస్టర్, క్యాంబర్ సరిచేశాకే టో. క్యాంబర్ కదిలితే టో కూడా కదిలిపోతుంది కాబట్టి టోను చివరికి ఉంచుతారు. వెనక చక్రాలతో మొదలుపెట్టడానికి కారణం థ్రస్ట్ యాంగిల్. వెనక చక్రాలు రెండూ కలిసి కారును ఏ దిశగా నెడుతున్నాయో దానిని ఆ కోణం తెలుపుతుంది. అది కారు నడిమి గీతతో కలవకపోతే, కారు తిన్నగా పోవడానికి మీరు స్టీరింగును ఎప్పుడూ కొంచెం తిప్పి పట్టుకోవలసి వస్తుంది. ముందు చక్రాలను ఎంత చక్కగా సర్దినా వెనక చక్రాల ఆ వంకర పోదు.

మీ స్టీరింగు వంకరకు ఇది ఒక కారణం కావచ్చు. అంతకంటె తరచుగా జరిగేది మరొకటి ఉంది. టో సర్దేటప్పుడు స్టీరింగును సరిగ్గా నడిమికి తెచ్చి, కదలకుండా బిగించి, ఎడమ టై రాడ్‌ను, కుడి టై రాడ్‌ను విడివిడిగా తిప్పాలి. ఆ బిగింపు సరిగా లేకపోతే మొత్తం టో సరిగానే వస్తుంది, స్టీరింగు మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. దీనివల్ల టైర్లు అరగవు. అయినా తిరిగి తీసుకువెళ్లి సరిచేయించండి, అది వారి బాధ్యత. స్టీరింగు కోణాన్ని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో, అవసరమైతే దానిని కూడా కంప్యూటరుతో సున్నాకు తేవాలి. ముందు అద్దం వెనక కెమెరా ఉండి, రోడ్డు మీది లేన్ గీత దాటితే హెచ్చరించే కార్లలో కెమెరాను కూడా సరిచూడవలసి రావచ్చు; ఎప్పుడు అవసరమో తయారీదారు సూచనలలో ఉంటుంది.

క్యాంబర్ మారదన్న మాట చాలా కార్ల విషయంలో నిజమే. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే కంబంగా ఉండే అమరిక) ఉన్న ఎన్నో కార్లలో ముందు క్యాంబర్‌ను సర్దే ఏర్పాటు కంపెనీ ఇవ్వదు. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే దూలం) ఉంటే అక్కడ టో, క్యాంబర్ రెండూ స్థిరంగా ఉంటాయి. కాని సర్దడానికి వీలు లేకపోవడం వేరు, తప్పుగా ఉండటం వేరు. కొత్తగా ఉన్నప్పుడు సరిగా ఉన్న కోణం ఇప్పుడు ఎర్రగా ఉన్నదంటే ఏదో ఒకటి వంగింది, జరిగింది, లేదా అరిగింది. కుంగిపోయిన స్ప్రింగు, వంగిన స్ట్రట్, వంగిన నకుల్ (చక్రం బిగించి ఉండే లోహపు భాగం), పక్కకు జరిగిన సబ్‌ఫ్రేమ్ (ఇంజను, కింది ఆర్మ్‌లు బిగించి ఉండే చట్రం), వీటిలో ఏదో కనిపెట్టాలి. స్టీరింగు యాక్సిస్ ఇంక్లినేషన్ (చక్రం తిరిగే ఇరుసు, ముందు నుంచి చూస్తే, లోపలికి ఒరిగి ఉండే కోణం) అనే అంకె కూడా కాగితంలో ఉంటే దానిని క్యాంబర్‌తో కలిపి చూడవచ్చు. ఈ రెండింటి మొత్తం ఎడమ కుడి పక్కల సమానంగా ఉండి, విడివిడిగా తేడాలు ఉంటే సబ్‌ఫ్రేమ్ జరిగి ఉండే అవకాశం ఎక్కువ. మొత్తమే తేడాగా ఉంటే స్ట్రట్ గాని, నకుల్ గాని వంగి ఉండవచ్చు. కారణం తెలియకుండా క్యాంబర్ బోల్టులు వేసి అంకెను పచ్చగా మార్చడం వంగిన భాగాన్ని అలాగే దాచి ఉంచడమే అవుతుంది.

ప్రశ్న: గంటకు 90 కిలోమీటర్ల దగ్గర స్టీరింగు అదురుతోంది. అలైన్‌మెంట్ చేయించాలా, బ్యాలెన్సింగ్ చేయించాలా? అసలు ఇవి ఎన్నాళ్లకొకసారి చేయించాలి? ఈసారి రెండు టైర్లే కొత్తవి వేయించగలను, వాటిని ముందు వేయాలా, వెనక వేయాలా?

జవాబు: ఒక వేగం దగ్గర మొదలై, ఆ వేగం దాటాక తగ్గే అదురు సాధారణంగా బ్యాలెన్సింగ్ లోపం, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం. కోణాలు తప్పితే కారు లాగుతుంది, టైర్లు అరుగుతాయి, అదురు అరుదు. బ్యాలెన్సింగ్ చేయించినా పోకపోతే రిమ్ము వంగిందేమో, టైరులో ఎక్కడైనా ఉబ్బు వచ్చిందేమో చూడండి. పక్క గోడ మీద ఉబ్బు వచ్చిన టైరును బాగుచేయడం కుదరదు, మార్చవలసిందే.

కోణాలను సరిచూడటానికి కిలోమీటర్ల కంటె సందర్భాన్ని పట్టించుకోవడం మేలని నా అభిప్రాయం. టై రాడ్, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ వంటివి ఏవి విప్పి బిగించినా, చక్రానికి గట్టి దెబ్బ తగిలినా, కొత్త టైర్లు వేసినా అలైన్‌మెంట్ సరిచూపించాలి. చక్రాల స్థానాలు మార్చడం మాత్రం 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకొకసారి చేయించండి. బాణం గుర్తు ఉన్న టైర్లను అదే పక్కన ముందుకూ వెనక్కూ మార్చాలి. ముందు వెనక టైర్ల కొలతలు వేరుగా ఉంటే అదీ కుదరదు.

కొత్తవి రెండే అయితే వాటిని వెనక వేయించండి, ముందు చక్రాలే లాగే కారుకు కూడా ఇదే పద్ధతి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు మలుపులో తిన్నగా పోబోతుంది. డ్రైవరు వేగం తగ్గించి దానిని దారికి తెచ్చుకోగలడు. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దానిని అదుపు చేయడం అందరి వల్లా కాదు. ముందుకు మార్చే పాత టైర్ల లోతు మాత్రం చాలినంత ఉండాలి. ట్రెడ్ గాడిలో అడ్డంగా ఉండే చిన్న మిట్ట, 1.6 మిల్లీమీటర్ల గుర్తు, ట్రెడ్‌తో సమానమైతే ఆ టైరు ముందూ వెనకా కూడా పనికిరాదు.

కొత్త టైర్లు వేయించిన రోజునే లోపలి అంచున, నడుమ, బయటి అంచున, మూడు చోట్ల గాడి లోతు కొలిచి, కిలోమీటర్ల అంకెతో పాటు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. 2,000 కిలోమీటర్లు తిరిగాక స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, బయటపడిన ముందు టైరు మీద అడ్డంగా అరచెయ్యి జరపండి. తర్వాత రెండో పక్కకు తిప్పి రెండోదాన్నీ చూడండి. కోణం తప్పి ఉంటే కొత్త రబ్బరు మీద రంపపు పళ్లు అప్పటికే చేతికి తగలడం మొదలవుతుంది. తగిలితే ఏ దిశలో తట్టుకొన్నదో గుర్తుపెట్టుకొని, మెకానిక్‌కు ఆ సంగతి చెప్పి, అంకెలు కొలిచే ముందు కీళ్ల వదులు చూడమనండి.